రూంలో ఒక్కరికే వంట: చిన్న రైస్ కుక్కర్‌కి తెలిసింది ఒకే ఒక్క విషయం

ఈరోజు టేబుల్ మీద పెద్దగా ఏమీ లేదు. ఇదిగో, ఒక లీటరు రైస్ కుక్కర్. 300 వాట్లది. ఒక బటన్, రెండు లైట్లు, ఒక గాజు మూత, అంతే.

హైదరాబాద్‌లో జాబ్ వెతుక్కుంటూ అమీర్‌పేట పక్కన రూంలో ఉన్నప్పుడు కొన్నాను దీన్ని. ఓనర్ గ్యాస్ స్టవ్ పెట్టుకోనివ్వలేదు. రోజూ బయట తింటే ఇంటి నుంచి వచ్చే డబ్బులు 20వ తారీఖుకే అయిపోయేవి. కుక్కర్ వచ్చాక కూడా రెండు నెలలు ఇందులో అన్నం ఒక్కటే వండి, కర్రీ పాయింట్ నుంచి కూర తెచ్చుకునేవాణ్ని. ఏదైనా కొత్తగా ట్రై చేస్తే అడుగు మాడేది, లేకపోతే పప్పు పలుకులుగా మిగిలేది. తప్పు కుక్కర్‌ది అనుకున్నాను. అసలు అది ఎలా పనిచేస్తుందో నాకు తెలియకపోవడమే సమస్య.

గిన్నె బయటికి తీసి చూడండి. కింద ప్లేటు మధ్యలో స్ప్రింగ్ మీద ఒక గుండ్రటి బటన్ ఉంది కదా, అదే దీని బుర్ర. లోపల ఒక అయస్కాంతం, దానికి అతుక్కునే ఒక ప్రత్యేకమైన లోహపు ముక్క లాంటిది ఉంటాయి. గిన్నెలో నీళ్లు ఉన్నంతసేపూ వేడి 100 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది, ఎందుకంటే వచ్చే వేడంతా నీళ్లు ఆవిరి కావడానికే పోతుంది. నీళ్లు అయిపోగానే గిన్నె అడుగు 100 దాటుతుంది. 103 డిగ్రీల దగ్గర ఆ ముక్క అయస్కాంతానికి అతుక్కునే గుణం పోగొట్టుకుంటుంది. టక్! బటన్ పైకి లేచి వార్మ్‌లోకి వెళ్తుంది.

అంటే దీనికి టైం తెలీదు. అన్నం ఉడికిందో లేదో కూడా తెలీదు. నీళ్లు అయిపోయాయా లేదా, అదొక్కటే తెలుసు. మొదట్లో ఇంకో పద్ధతి ఉండేది. 1955లో జపాన్‌లో తోషిబా ఆటోమేటిక్ రైస్ కుక్కర్ తెచ్చినప్పుడు దానికి రెండు గిన్నెలు. బయటి గిన్నెలో పోసిన కొంచెం నీళ్లు ఆవిరైపోగానే స్విచ్ ఆగిపోయేది. దాన్ని తయారు చేసింది యోషితాద మినామి అనే ఆయన, కానీ రోజుల తరబడి అన్నం వండి వండి పరీక్షలు చేసింది ఆయన భార్య ఫుమికో. అప్పుడైనా ఇప్పుడైనా లెక్క నీళ్లదే.

ఇది అర్థమైతే చాలా డౌట్లు క్లియర్ అయిపోతాయి. ఎక్కువ మంది అడిగేది, "అన్నా, పోపు వేస్తుంటే స్విచ్ మాటిమాటికీ పైకి లేస్తోంది, కుక్కర్ పాడైందా?" అని. పాడవలేదు. పోపులో నీళ్లు లేవు కదా, క్షణాల్లో 103 దాటేస్తుంది. కొంతమంది స్విచ్ కింద స్పూన్ ఇరికించి నొక్కి పెడతారు. దయచేసి ఆ పని చేయొద్దు. దానికున్న ఒకే ఒక్క కాపలా అదే. స్విచ్ లేచినా గిన్నెలో ఉన్న వేడికి జీలకర్ర చిటపటలాడుతుంది. వెంటనే నీళ్లు పోసేయండి, గిన్నె చల్లబడుతుంది, మళ్లీ నొక్కితే స్విచ్ బుద్ధిగా కింద కూర్చుంటుంది.

ఇప్పుడు నేను వారానికి మూడు రోజులు చేసుకునే పెసరపప్పు పులగం చూపిస్తాను. కుక్కర్‌తో ఇచ్చే చిన్న ప్లాస్టిక్ కప్పు ఉంటుంది, చాలావాటితో 180 మిల్లీలీటర్లది ఇస్తారు. దాంతో అర కప్పు సోనామసూరి, పావు కప్పు పెసరపప్పు. రెండూ కడిగి పక్కన పెట్టుకోండి. గిన్నెలో ఒక స్పూన్ నెయ్యి, జీలకర్ర, దంచిన మిరియాలు, కరివేపాకు. వాసన రాగానే బియ్యం, పప్పు వేసి, అదే కప్పుతో రెండుంపావు కప్పుల నీళ్లు, ఉప్పు, చిటికెడు పసుపు. మూత పెట్టండి. గిన్నెలో సగం దాటకుండా చూసుకోండి, పప్పు నురగ కక్కుతుంది. దాటిందంటే మూత చిల్లులోంచి పొంగి ప్లేటు మీదికి కారుతుంది, అప్పుడు కడుక్కోవడం నరకం. స్విచ్ లేచాక పది నిమిషాలు మూత తీయకండి. పైన ఉన్న తడి కిందికి దిగి అంతా ఒకేలా మగ్గుతుంది.

కందిపప్పుతో చేయొచ్చా అంటే, నానబెట్టకుండా వద్దు. బియ్యం ఉడికి నీళ్లు అయిపోయేసరికి కందిపప్పు ఇంకా గట్టిగానే ఉంటుంది. కనీసం గంట నానాలి. టమాటా, చింతపండు కూడా ముందే వేయకండి, పులుపు తగిలితే పప్పు మెత్తబడటానికి ఇంకా టైం పడుతుంది. పప్పు లేని టమాటా రైస్ అయితే ఆ గొడవ లేదు. కాకపోతే టమాటాలో నీళ్లుంటాయి, రెండు పెద్ద కాయలు వేస్తే పావు కప్పు నీళ్లు తగ్గించండి. ఆకుకూర చివర్లో, స్విచ్ లేచాక వేసి మూత పెట్టేస్తే ఆ ఆవిరికే మగ్గిపోతుంది. గుడ్డు శుభ్రంగా కడిగి అన్నంతోపాటే పెట్టేస్తాను నేను.

ఒక్కరికి వండేటప్పుడు ఇంకొక మాట. బియ్యం తగ్గించినంత మాత్రాన ఆవిరి తగ్గదు. అందుకే అర కప్పు బియ్యానికి సరిగ్గా కప్పు నీళ్లు పోస్తే పలుకు మిగలొచ్చు, రెండు మూడు స్పూన్లు ఎక్కువ పోయండి. పాత బియ్యమైతే ఇంకాస్త. గిన్నె అడుగు తడి తుడిచి పెట్టండి. ప్లేటుకీ గిన్నెకీ మధ్య ఒక్క మెతుకు ఇరుక్కున్నా అడుగు సరిగ్గా తగలదు, ఒక పక్క మాడి ఒక పక్క పచ్చిగా ఉంటుంది. కరెంటు బిల్లు అంటారా, 300 వాట్లు అరగంట నడిస్తే 0.15 యూనిట్. యూనిట్ పది రూపాయలనుకున్నా రూపాయిన్నర.

ఇక నా బుద్ధి తక్కువ పని. ఒక రాత్రి పులగం ఎక్కువ వండి, ప్లగ్ పీకేసి, మిగిలింది కుక్కర్‌లోనే మూతపెట్టి పడుకున్నాను. ఎండాకాలం. పొద్దున వేడి చేసి తిన్నాను. వాసన కూడా తేడా రాలేదు. పదకొండింటికి ఇంటర్వ్యూ, పదింటికి వాంతులు. ఆ ఇంటర్వ్యూకి వెళ్లలేకపోయాను, వాళ్లు మళ్లీ పిలవలేదు.

తర్వాత డాక్టర్ గారు చెప్పారు. బియ్యంలో ఉండే ఒక రకం బ్యాక్టీరియా బీజాలు ఉడికించినా చావవు. వండిన అన్నం గంటల తరబడి గోరువెచ్చగా ఉంటే అవి పెరిగి విషం తయారు చేస్తాయి. మళ్లీ వేడి చేసినా ఆ విషం పోదు. "మరి మా అమ్మ చద్దన్నం పెట్టేది కదా సార్" అన్నాను. అందులో నీళ్లో మజ్జిగో పోసి పులియబెడతారు, ఇది మూసేసిన గిన్నెలో పప్పన్నం, రెండూ ఒకటి కాదన్నారు.

అప్పట్నుంచి నా రూల్ ఏంటంటే, వండింది గంటా రెండు గంటల్లో తినేయాలి. మిగిలితే వెడల్పాటి ప్లేట్లో పరిచి, త్వరగా చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టాలి. నా రూంలో అప్పుడు ఫ్రిజ్ లేదు. అందుకే కొలత నేర్చుకున్నాను. అర కప్పు, పావు కప్పు, రెండుంపావు. గిన్నె ఖాళీ అయిపోవాలి.

అదిగో, టక్ మంది, విన్నారా? పది నిమిషాలు ఆగి మూత తీస్తాను. ఆవకాయ సీసా ఎక్కడ పెట్టానో చూడాలి.