ఆయిల్ ఇంజను కొట్టుకుంటోందా? శబ్దాన్ని బట్టి జబ్బు తెలుసుకోండి

వరి పొట్ట మీద ఉన్నప్పుడో, మిరప కాయ పట్టేటప్పుడో సరిగ్గా ఆయిల్ ఇంజను మొరాయిస్తుంది. అప్పటిదాకా ఒకే లయలో నడిచిన ఇంజను లోపల్నుంచి టక్‌టక్‌మనో, దబదబమనో చప్పుడు మొదలవుతుంది. "ఈ ఒక్క తడి అయిపోనీ, తర్వాత చూద్దాంలే" అని చాలామంది అలాగే నడిపిస్తారు. కొన్ని చప్పుళ్లకు అలా నడిపినా నష్టం లేదు. మరికొన్నింటికి మాత్రం ఒక్క రాత్రి నడిపితే చాలు, చిన్న బేరింగుతో పోయేది క్రాంకు దాకా వస్తుంది. ఏది ఏదో పోల్చుకోగలిగితే ఇటు పంటా, అటు ఇంజనూ రెండూ దక్కుతాయి.

ఉచిత విద్యుత్తు వచ్చిన 2004 తర్వాత మన బావుల మీద ఆయిల్ ఇంజన్లు తగ్గిన మాట నిజమే. అయినా కరెంటు లైను లేని చోట, కాలువ చివరి భూముల్లో, వాగుల్లోంచి నీళ్లు తోడేచోట ఇప్పటికీ ఇంజనే దిక్కు. వాటిలో చాలావరకు పాతవే. నిమిషానికి 650 చుట్లు తిరిగే పెద్ద చక్రాల నెమ్మది ఇంజన్లు కొన్ని, 1500 చుట్లు తిరిగేవి కొన్ని. రెండింటికీ కింది సూత్రాలు వర్తిస్తాయి.

కొంత చప్పుడు సహజమే

డీజిల్ ఇంజనులో పెట్రోలు బండికి ఉన్నట్లు ప్లగ్గు ఉండదు. పిస్టన్ పైకి వచ్చి గాలిని గట్టిగా నొక్కితే ఆ గాలి బాగా వేడెక్కుతుంది. అందులోకి నాజిల్ డీజిల్‌ను పొగమంచులా చల్లుతుంది. డీజిల్ పడగానే మండదు, రెప్పపాటు ఆలస్యమవుతుంది. ఆ ఆలస్యం ఎక్కువైతే పోగుపడిన డీజిలంతా ఒక్కసారిగా భగ్గుమని పిస్టన్ నెత్తిన సుత్తితో కొట్టినట్లు కొడుతుంది. ఇదే డీజిల్ కొట్టుడు. పొద్దున్నే ఇంజను చల్లగా ఉన్నప్పుడు కాసేపు ఇలా కొట్టుకుని, వేడెక్కాక తగ్గితే బెంగ అక్కర్లేదు. వేడెక్కాక కూడా తగ్గకపోతే చూడాల్సిందే.

ముందు చూడవలసినవి

చప్పుడు వినగానే ఇంజను ఆపండి. కాసేపు ఆగి కొలబద్ద తీసి ఇంజన్ ఆయిల్ చూడండి. పాత నెమ్మది ఇంజన్లలో కనెక్టింగ్ రాడ్డు కింద ఉండే చెంచాలాంటి ముక్క ఆయిల్‌ను చిలికి బేరింగుకు అందిస్తుంది. మట్టం తగ్గితే చెంచాకు ఆయిల్ అందదు, బేరింగు ఎండిపోతుంది. ప్రెజర్ గేజి ఉన్న ఇంజనైతే ముల్లు ఎప్పుడూ ఉండేచోట ఉందో లేదో గమనించాలి.

తర్వాత పునాది బోల్టులు, పుల్లీ, ఫ్లైవీల్ చూడండి. బోల్టు వదులైనా ఇంజను లోపల ఏదో పోయినట్లే వినిపిస్తుంది. ఫ్లైవీల్‌ను పట్టి ఉంచే కీ వదులైతే ఇంజను ఆగేటప్పుడు, మొదలయ్యేటప్పుడు ఠంగుమని కొడుతుంది. దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. అంత బరువు చక్రం ఊడితే మనిషి ప్రాణానికే ముప్పు.

అసలు పరీక్ష ఇదీ

ఇంజను నడుస్తుండగా స్టాప్ లివరుతో డీజిల్ ఆపండి. చక్రం బరువుకు ఇంజను ఇంకా కొన్ని చుట్లు తిరుగుతుంది. అప్పుడు చెవిపెట్టి వినండి. డీజిల్ ఆగిన మరుక్షణమే చప్పుడు పూర్తిగా మాయమైతే లోపం చాలావరకు మంటలో, అంటే నాజిల్ లేదా పంపు వైపు ఉన్నట్లు. సన్నగానైనా మిగిలి ఉంటే ఏదో ఒక భాగం అరిగి వదులైనట్లు.

చప్పుడు ఎక్కడిదో తెలియాలంటే పొడవాటి స్క్రూడ్రైవరు మొన ఇంజనుకు ఆనించి, పిడిని చెవి దగ్గర పెట్టి వినాలి. హెడ్డు దగ్గర, లైనర్ మధ్యన, కింది భాగాన వేర్వేరుగా వినండి. ఈ పని చేసేటప్పుడు భుజాన తువ్వాలు ఉండకూడదు, పంచె ఎగగట్టుకోవాలి. బెల్టు, చక్రం వైపు వంగొద్దు.

మంట వల్ల వచ్చే కొట్టుడు

చప్పుడుతోపాటు నల్లటి పొగ వస్తుంటే నాజిల్ డీజిల్‌ను చల్లకుండా చుక్కలు కారుస్తోందని అనుమానించాలి. నాజిల్‌ను మెకానిక్ దగ్గర టెస్టర్‌పై పరీక్ష చేయించాలి. తుంపర ఎదుట చెయ్యి పెట్టనేకూడదు. ఆ ఒత్తిడికి డీజిల్ చర్మంలోకి దిగుతుంది.

పంపు విప్పి బిగించిన దగ్గర్నుంచే కొట్టుకుంటోందా? చాలా ఇంజన్లలో పంపు కింద పల్చటి షిమ్ములు ఉంటాయి. వాటిలో ఒకటి తిరిగి వేయడం మరిచినా డీజిల్ సమయానికి ముందే పడి ఇంజను కటువుగా కొడుతుంది. విప్పినప్పుడు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి అన్నీ వేయించుకోవాలి.

మరో కారణం అతి చల్లదనం. పంపు నీటినే ఇంజను చుట్టూ తిప్పే చోట నీళ్లు ఎక్కువ వదిలితే ఇంజను ఎప్పటికీ వేడెక్కదు. మంట ఆలస్యమై కొట్టుకుంటుంది, డీజిల్ కూడా ఎక్కువ తాగుతుంది. బయటికొచ్చే నీళ్లు సుమారు 60 డిగ్రీలు ఉండాలి, అంటే వేలు పెడితే చురుక్కుమనాలి. నీటి వాల్వును ఆ ప్రకారం తిప్పుకోండి. ఇక కిరసనాయిలు కలిసిన డీజిల్ పోస్తే సరిగా మండదు సరికదా, జిడ్డు చాలక పంపు, నాజిల్ త్వరగా అరుగుతాయి.

అరుగుదల వల్ల వచ్చే చప్పుళ్లు

టాపెట్లు: హెడ్డు మీద సన్నగా టిక్‌టిక్‌మంటుంది. లోడు పెరిగినా తగ్గినా మారదు. ఇంజను రెండు చుట్లు తిరిగితే ఒకసారి వస్తుంది. ఇంజను పుస్తకంలో చెప్పిన సందును ఫీలర్ గేజితో పెట్టుకుంటే పోతుంది. వెంటనే ప్రమాదం లేదు.

పిస్టన్: లైనర్ మధ్యన బోలుగా కొట్టినట్లుంటుంది. చల్లగా ఉన్నప్పుడు ఎక్కువ, వేడెక్కాక తక్కువ. నీలం పొగ వచ్చి ఆయిల్ తరుగుతుంటే రింగులు, లైనర్ అరిగినట్లే. పంట గట్టెక్కేదాకా ఆయిల్ చూసుకుంటూ నడపవచ్చు.

గజన్ పిన్ను: లోడు లేకుండా నెమ్మదిగా నడిపినప్పుడు జంటగా టక్కుటక్కుమని పదునుగా వినిపిస్తుంది. ఎక్కువ రోజులు వాయిదా వేయకూడదు.

బిగ్ ఎండ్ బేరింగు: కింది భాగంలో బరువైన కొట్టుడు. నీళ్లు ఎత్తే కొద్దీ పెరుగుతుంది. ఇదే అన్నింటికన్నా చెడ్డది. ఇలాగే నడిపితే రాడ్డు బోల్టు తెగి, రాడ్డు ఇంజను బాడీని చీల్చుకుని బయటికి రావచ్చు.

మెయిన్ బేరింగు: ఇంకా లోతుగా, పునాది అదిరేలా దబ్‌దబ్‌మంటుంది. దీన్నీ వెంటనే ఆపాలి.

చేత్తో చూడటం

ఇంజను పూర్తిగా చల్లారాక డీజిల్ మూసి, డీకంప్రెషన్ లివరు ఎత్తి, పక్క మూత తీయండి. పిస్టన్‌ను పైకి తెచ్చి, కొద్దిగా దాటించి, కనెక్టింగ్ రాడ్డును పట్టుకుని పైకీ కిందికీ ఊపండి. పక్కలకు కాస్త జరగడం సహజమే. పైకీ కిందికీ ఆట ఉంటే మాత్రం బేరింగు పోయినట్లే. వడగట్టిన ఆయిల్‌ను తెల్లగుడ్డ మీద పోసి చూడండి. మెరిసే పొట్టు కనిపిస్తే, అది అయస్కాంతానికి అంటుకోకపోతే, అది బేరింగు లోహమని గుర్తు.

ఈ దశలో ఆపితే బేరింగు మార్చడంతో సరిపోతుంది. క్రాంకు గీతలు పడితే సాన పట్టించి, 0.25 లేదా 0.50 మిల్లీమీటర్ల తక్కువ సైజు బేరింగులు వేయాలి. క్రాంకే దెబ్బతింటే పాత ఇంజను ఖరీదంతా దానికే అయిపోతుంది.

అందుకే గుర్తుంచుకోవాల్సిన మాట ఒకటే. పైన సన్నగా వినిపించే చప్పుడుతో తడి పూర్తి చేయవచ్చు. కింద బరువుగా, లోడుతో పెరిగే చప్పుడు వినిపిస్తే అర్ధరాత్రయినా ఇంజను ఆపాలి. ఆ ఒక్క తడికి పక్క రైతు ఇంజనును బాడుగకు తెచ్చుకున్నా అదే చవక. ఇంజన్ ఆయిల్ మార్చిన తేదీని, నడిచిన గంటలను షెడ్డు గోడ మీద సుద్దతో రాసుకునే అలవాటు చేసుకుంటే ఈ కొట్టుళ్లలో సగం అసలు రావు.