చైను కొలవనిదే చక్రం కొనవద్దు
భారీ యంత్రాల స్ప్రాకెట్ ఎంపిక, సంరక్షణ

ముళబాగల్ తాలూకా బైరకూరు హోబళిలో గాని, సరిహద్దు దాటి పుంగనూరు, పలమనేరు వైపు గాని ఏ పల్లెకు వెళ్ళినా ఒక మార్పు కనిపిస్తుంది. ఒకప్పుడు వాకిట్లో మంచి ఎద్దుల జత ఉండడం ఇంటికి గౌరవం. నేడు కొన్ని ఇళ్ళ ముందు చైను మీద నడిచే త్రవ్వకపు యంత్రం నిలబడి ఉంటోంది. మనవారు దానిని ‘ప్రొక్లెయిన్’ అంటారు. పొక్లెయిన్ అనే ఫ్రెంచి కంపెనీ పేరే మన నోటిలో ఈ విధంగా యంత్రం పేరైపోయింది. కోలారు వైపు ‘హిటాచి’ అనే మాట కూడా వాడుకలో ఉంది.

ఈ యంత్రాలకు మన ప్రాంతంలో పని కొరత లేదు. చెరువుల పూడికతీత, గ్రానైటు క్వారీలు, పొలాల చదును, రహదారి పనులు ఉన్నాయి. మాలూరు, బంగారుపేట, బేతమంగల మీదుగా వి.కోట, బైరెడ్డిపల్లి, పలమనేరు వైపు సాగే బెంగళూరు–చెన్నై ఎక్స్‌ప్రెస్ రహదారి వంటి పెద్ద పనులూ వచ్చాయి. పైగా ఈ విద్య మన జిల్లాకు కొత్తది కాదు. 1964లో ఏర్పడిన భారత్ ఎర్త్ మూవర్స్ సంస్థ కోలారు బంగారు గనుల పట్టణంలోని తన కర్మాగారంలో బుల్‌డోజర్లు, ఎక్స్‌కవేటర్లు తయారు చేస్తూ వస్తోంది. 2001 ఫిబ్రవరి 28న బంగారు గనులు మూతపడిన తరువాత కూడా ఆ పట్టణంలో ఇనుము పని తెలిసిన చేతులు మిగిలే ఉన్నాయి.

అయితే పొలం తాకట్టు పెట్టి, నగలు కుదువపెట్టి పాత యంత్రం కొన్న కుటుంబానికి అసలు పరీక్ష కొన్న తరువాతనే మొదలవుతుంది. చైనుతో నడిచే బుల్‌డోజరు వంటి యంత్రానికి అయ్యే మరమ్మతు ఖర్చులో దాదాపు సగం అడుగుభాగానికే, అనగా చైను, రోలర్లు, ఐడ్లర్, స్ప్రాకెట్‌లకే పోతుందని తయారీదారులు చెబుతారు. ఆ ఖర్చులో తరచుగా జరిగే పొరపాటు ఒకటుంది. స్ప్రాకెట్ పళ్ళు అరిగినట్లు కనబడగానే చైను సంగతి చూడకుండా కొత్త చక్రం కొని బిగించడం. ఈ వ్యాసం ముఖ్యంగా ఆ ఒక్క పొరపాటును నివారించడానికే.

చక్రం చేసే పని

యంత్రం వెనుక వైపున, చైనును పట్టి తిప్పే పళ్ళ చక్రమే స్ప్రాకెట్. దానిని తిప్పేది ఫైనల్ డ్రైవ్ అనే గేర్ల పెట్టె. ముందు వైపున పళ్ళు లేకుండా నునుపుగా ఉండే చక్రం ఐడ్లర్. చైనులోని లింకులను కలిపేది పిన్ను. పిన్ను చుట్టూ గొట్టంలా ఉండేది బుష్. స్ప్రాకెట్ పన్ను నెట్టేది ఈ బుష్‌నే.

ఒక పిన్ను మధ్య నుండి తరువాతి పిన్ను మధ్యకు గల దూరాన్ని పిచ్ అంటారు. ఇరవై టన్నుల తరగతిలోని అనేక ఎక్స్‌కవేటర్లకు ఇది 190 మిల్లీమీటర్లు. అటువంటి యంత్రాలలో 21 పళ్ళ స్ప్రాకెట్ వాడుకలో ఉంది. 21 బేసి సంఖ్య కావడంలో ఒక ఉపాయం ఉంది. పళ్ళ మధ్య దూరం చైను పిచ్‌లో సగమే కనుక ప్రతి బుష్ ఒక పన్నును వదలి తరువాతి పల్లంలో కూర్చుంటుంది. సంఖ్య బేసి కావడం వలన మొదటి చుట్టులో పని చేసిన పన్ను రెండవ చుట్టులో విశ్రాంతి తీసుకొంటుంది. ఆ విధంగా అరుగుదల అన్ని పళ్ళకూ సమానంగా పంచబడుతుంది.

పన్ను ఎందుకు అరుగుతుంది?

చైను తిరిగే కొద్దీ పిన్ను, బుష్ లోపలి వైపు ఒకదానినొకటి ఒరుసుకొని అరుగుతాయి. అప్పుడు ఇనుము సాగకపోయినా పిచ్ పెరుగుతుంది. ప్రతి కీలు వద్ద 3 మిల్లీమీటర్లు పెరిగిందనుకొందాం. స్ప్రాకెట్‌ను చుట్టుకొని ఉండేది సుమారు ఐదు బుష్‌లు. మొదటి బుష్ సరిగా కూర్చున్నా ఐదవ దాని దగ్గరకు వచ్చేసరికి తేడా 12 మిల్లీమీటర్లు అవుతుంది. బుష్ పల్లంలో కూర్చోలేక పన్ను మీదికి ఎక్కుతుంది. ఐదు పళ్ళు పంచుకోవలసిన బరువు ఒకటి రెండు పళ్ళ మీదనే పడుతుంది. పన్ను కొన తుమ్మముల్లువలె సన్నబడుతుంది, లేదా కొడవలి కొనవలె వంగుతుంది.

కనుక పన్ను అరుగుదల తరచుగా చైను జబ్బుకు బయటి గుర్తు మాత్రమే. సాగిన చైనుకు కొత్త చక్రం తొడగడం ముసలి ఎద్దుతో కుర్ర కోడెను ఒకే కాడికి కట్టడం వంటిది. రెండూ చెడతాయి. కొత్త పళ్ళు త్వరగా సన్నబడతాయి, బుష్‌లకూ దెబ్బ తగులుతుంది. అలాగే అరిగిన చక్రం మీద కొత్త చైను వేసినా ఫలితం అంతే.

చైను వదులైనప్పుడు గ్రీజు కొట్టి బిగించడం, లేదా ఒక లింకు కోసి కలపడం కొందరి అలవాటు. దీని వలన చైను వదులు తగ్గుతుందే గాని ఒక్కొక్క కీలు వద్ద పెరిగిన పిచ్ తగ్గదు. చక్రానికి, చైనుకు మధ్య తగవు తీరదు.

కొలిచే పద్ధతి

దీనికి కావలసినది మంచి ఉక్కు టేపు, ఒక నోటుపుస్తకం. యంత్రాన్ని చదునైన నేల మీద మెల్లగా వెనుకకు నడిపి ఆపితే చైను పైభాగం బిగుసుకొంటుంది. బకెట్టు నేలకు దించి, ఇంజను ఆపి, తాళం చెవి చేతికి తీసుకొన్న తరువాతనే కొలత మొదలుపెట్టాలి. ఒక పిన్ను ముందు అంచు నుండి ఐదవ పిన్ను ముందు అంచు వరకు కొలిస్తే నాలుగు పిచ్‌లు వస్తాయి. 190 మిల్లీమీటర్ల చైను కొత్తగా ఉన్నప్పుడు ఇది 760. అది 772 వస్తే ఒక్కొక్క కీలు 3 మిల్లీమీటర్లు పెరిగినట్లు లెక్క. చైను కలిపే మాస్టర్ పిన్నును ఈ కొలతలో చేర్చరాదు. ఎడమ, కుడి చైనులను రెండు మూడు చోట్ల కొలిచి, యంత్రం గంటల మీటరు అంకెతో సహా రాసి పెట్టాలి. ఎంత వరకు అనుమతించవచ్చో ఆ మోడల్ సర్వీసు పుస్తకంలో ఉంటుంది. అన్ని యంత్రాలకు ఒకే హద్దు కాదు.

మూడు సందర్భాలు, మూడు నిర్ణయాలు

మొదటిది: పిచ్ హద్దులోనే ఉంది, బుష్‌లు బాగున్నాయి, పళ్ళు మాత్రం ఒక వైపు అరిగాయి. కొనలు ఇంకా సన్నబడకపోతే ఎడమ చక్రాన్ని కుడికి, కుడి చక్రాన్ని ఎడమకు మార్చవచ్చు. అప్పుడు పన్ను రెండవ ముఖం పనిలోకి వస్తుంది. రెండు వైపులా ఒకే పార్టు నంబరు ఉంటేనే ఇది సాధ్యం. కొనలు సన్నబడి ఉంటే చక్రాలు రెండింటినీ మార్చాలి.

రెండవది: చైను, చక్రం రెండూ సగానికి పైగా అరిగాయి, కాని ఇంకా హద్దు దాటలేదు. ఇక్కడ ఓర్పే లాభం. చైను పళ్ళ మీద నుండి జారనంత వరకు రెండింటినీ కలిసి అరగనిచ్చి, తరువాత కలిపి మార్చాలి. ఈ లోగా డబ్బు సమకూర్చుకొనే వ్యవధి కూడా దొరుకుతుంది.

మూడవది: పిచ్ హద్దు దాటింది, లేదా చైను పళ్ళ మీద ఎగిరి ‘టక్ టక్’ మని శబ్దం చేస్తోంది. చైను, చక్రం రెండింటినీ, రెండు వైపులా ఒకేసారి మార్చవలసిందే. చెరువు కట్ట వాలు మీద చైను ఊడితే నష్టం ఇనుముతో ఆగదు. ఆపరేటరు ప్రాణానికే ముప్పు.

బుల్‌డోజర్ల చైనుకు మరొక అవకాశం ఉంది. పిన్నులను, బుష్‌లను ప్రెస్సు మీద తీసి, సగం చుట్టు తిప్పి మరల బిగిస్తే అరగని ముఖం పనికి వస్తుంది. బుష్ పూర్తిగా అరిగి పగుళ్ళు వచ్చిన తరువాత దీనికి అవకాశం ఉండదు. ముందుగా కొలిచిన వారికే ఈ మేలు దక్కుతుంది.

కొత్త చక్రం ఎంపిక

అంగడికి ‘ఫలానా కంపెనీ బండి’ అని చెప్పి వెళితే చాలదు. యంత్రం మోడల్, ప్లేటు మీది సీరియల్ నంబరు, పాత చక్రం పార్టు నంబరు, పళ్ళ సంఖ్య, బోల్టు రంధ్రాల సంఖ్య, చైను పిచ్ రాసుకొని వెళ్ళాలి. పళ్ళు సరిపోయినా రంధ్రాల వలయం తేడా ఉంటే చక్రం కూర్చోదు.

మంచి స్ప్రాకెట్ పళ్ళను కాచి గట్టిపరుస్తారు. అమ్మేవారి అనుమతితో పన్ను అంచు మీద ఆకురాయి ఆడించి చూస్తే తేడా తెలుస్తుంది. గట్టిపడిన పన్ను మీద ఆకురాయి జారుతుంది. మెత్తని ఇనుమైతే కొరుకుతుంది. ఫైనల్ డ్రైవ్‌కు ఆనుకొనే ముఖం లేతు మీద నునుపుగా తీసి ఉండాలి. పోతలో గుంతలు, పగుళ్ళు ఉంటే ధర ఎంత తక్కువైనా తీసుకోరాదు.

అరిగిన పళ్ళ మీద వెల్డింగు పెట్టి పెంచడం చవక మార్గంగా కనిపిస్తుంది. ఆ వేడికి పన్ను గట్టిదనం పోతుంది, లేదా పెళుసై విరుగుతుంది. ఆకారం సరిగా రాక బుష్‌లను కోస్తుంది. చక్రం ధర మిగిలిందనుకొంటే చైను ధర పోతుంది.

అనేక బుల్‌డోజర్లలో చక్రం ముక్కలుగా ఉంటుంది. చైను విప్పకుండానే ఒక్కొక్క ముక్కను మార్చవచ్చు. కాటర్‌పిల్లర్ సంస్థ 1977లో తెచ్చిన డి-10 బుల్‌డోజరులో స్ప్రాకెట్‌నే నేలకు దూరంగా పైకి ఎత్తి అమర్చారు. మట్టికి, రాతి దెబ్బకు చక్రాన్ని దూరంగా ఉంచడం ఎంత విలువైనదో ఆ ఏర్పాటు చెబుతుంది.

బిగింపులో జాగ్రత్తలు

చక్రం కూర్చునే ముఖాన్ని తుప్పు, రంగు, మట్టి లేకుండా తుడవాలి. పాత బోల్టులను మరల వాడకుండా కొత్తవి వేసి, ఎదురెదురుగా బిగిస్తూ పోవాలి. చివరి బిగింపు సర్వీసు పుస్తకంలోని అంకె ప్రకారం టార్క్ రెంచితో జరగాలి. గొట్టం తొడిగి బలం కొద్దీ బిగిస్తే బోల్టు సాగుతుంది. కొత్త చక్రం వేసిన తొలి రోజులలో బోల్టులను మరల సరిచూడాలి. ఒక బోల్టు వదులైతే ఆ బరువు మిగిలిన వాటి మీద పడి అవి తెగుతాయి. పిన్ను మీద సుత్తి వేసేటప్పుడు కంటి అద్దాలు తప్పనిసరి. ఎగిరిన ఇనుప రవ్వ కన్ను తీస్తుంది.

రోజువారీ సంరక్షణ

చెరువు బంకమట్టి స్ప్రాకెట్ పల్లాలలో గట్టిగా పేరుకొంటే బుష్ కూర్చునే చోటు ఉండదు. చైను దానంతట అదే బిగుసుకొంటుంది. సాయంత్రం ఆ మట్టి తడిగా ఉన్నప్పుడే గీకి తీయాలి. మరునాటికి అది ఇటుకవుతుంది. అటువంటి నేలలో చైనును కొంచెం వదులుగా ఉంచాలి. అతిగా బిగించిన చైను పళ్ళను, బుష్‌లను త్వరగా తినివేస్తుంది.

చైనును వదులు చేసేటప్పుడు గ్రీజు వాల్వును మెల్లగా, ఒక చుట్టుకు మించకుండా విప్పాలి. ముఖం దానికి ఎదురుగా ఉంచరాదు. లోపలి గ్రీజు ఒత్తిడి చర్మాన్ని చీల్చుకొని ఒంటిలోకి పోగలదు. అది ప్రాణాంతకం.

దూరం నడిపేటప్పుడు స్ప్రాకెట్ వెనుక వైపు ఉండేలా చూడాలి. వెనుకకు నడిచేటప్పుడు బుష్ పూర్తి బరువుతో పన్ను మీద ఒరుసుకొంటూ తిరుగుతుంది కనుక అరుగుదల ఎక్కువ. పైగా స్ప్రాకెట్ ముందుకు వచ్చిన స్థితిలో నడిపే లివర్లు తలక్రిందులుగా పని చేస్తాయి. కదిలించే ముందు చక్రం ఎటు ఉన్నదో చూడకపోతే ప్రక్కన నిలబడినవారి మీదికి యంత్రం పోగలదు.

మన టమోటా తోటలలో తీగలు, పురికొసలు, డ్రిప్ గొట్టపు ముక్కలు నేల మీద పడి ఉంటాయి. అవి స్ప్రాకెట్ వెనుక చుట్టుకొంటే ఫైనల్ డ్రైవ్ సీలు తెగి ఆయిలు కారుతుంది. ఆయిలు లేక గేర్లు పోతే ఖర్చు స్ప్రాకెట్‌కు ఎన్నో రెట్లు. పన్ను ప్రక్క భాగం ఒక వైపే కోసుకుపోతుంటే ఫ్రేము వంగిందేమో, ఐడ్లర్ ప్రక్కకు జరిగిందేమో చూపించాలి.

పాత యంత్రం కొనేవారికి

రంగు చూసి మోసపోవద్దు. పళ్ళ కొనలు చూడండి. నాలుగు పిచ్‌లు కొలవండి. లింకులు లెక్కపెట్టి సర్వీసు పుస్తకంతో పోల్చండి. ఒకటి తక్కువ ఉంటే చైను కోసినట్లే. పళ్ళ మీద వెల్డింగు జాడ, చక్రం వెనుక ఆయిలు తడి ఉన్నాయేమో పరిశీలించండి. దొరికిన లోపాల ఖర్చును ధరలో తగ్గించమని అడిగే హక్కు కొనేవారికి ఉంది.

యంత్రం నడిపేది ఇంటిలో ఒక్కరే కావచ్చు. దాని అప్పు మాత్రం ఇంటిల్లిపాదీ మోస్తారు. కనుక కొలతల పుస్తకం కూడా ఇంటిలో ఉండాలి. కళాశాలకు వెళ్ళే కొడుకో, కూతురో నెలకొకసారి ఆపరేటరు చెప్పిన అంకెలను తేదీతో రాసి పెడితే చాలు. ఏ నెలలో చైనుకు డబ్బు సిద్ధం చేసుకోవాలో ఆ పుస్తకమే ముందుగా చెబుతుంది. పని మధ్యలో యంత్రం ఆగిన నాడు దొరికిన ధరకు దొరికిన చక్రం కొనవలసిన అవస్థ అప్పుడు ఉండదు.