అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ చూడాలంటే ఏ సెలవుల్లో వెళ్ళాలి?

పిల్లలూ, అమెరికాలో ఉన్న మామయ్య ‘శనివారం ఫుట్‌బాల్‌కి వెళ్దాం’ అంటే మన ఆట అనుకోకండి. దాన్ని వాళ్ళు సాకర్ అంటారు. వాళ్ళ ఫుట్‌బాల్‌లో కోలగా ఉండే బంతిని ఎక్కువగా చేత్తోనే పట్టుకుని పరిగెడతారు!

ఆడేది కాలేజీ విద్యార్థులే. అయినా 1927లో తెరిచిన మిషిగన్ యూనివర్సిటీ స్టేడియంలో 1,07,601 మంది పడతారు. మన హెచ్‌ఎస్‌ఆర్ నుంచి వెళ్ళి చూసే కంఠీరవ స్టేడియం లాంటివి నాలుగన్నమాట.

తల్లిదండ్రులకు ఒక మాట. ఆ మ్యాచ్‌లు ఆగస్టు చివర మొదలై నవంబరు దాకా, ఎక్కువగా శనివారాల్లో జరుగుతాయి. మన వేసవి సెలవుల్లో వెళితే కనిపించేవి ఖాళీ సీట్లే. దసరా సెలవులైతే నయం. విమానం టికెట్లు కొనేముందు మ్యాచ్ తేదీలు చూసుకోండి.