వంశమున వచ్చు పక్షవాతము

ఆదోని, ఎమ్మిగనూరు పల్లెలలో నలుబదియేండ్ల మనిషికి చేయి, కాలు పడిపోయినచో గాలి సోకినదని ఊరకుండరాదు. వెంటనే ఆసుపత్రికి చేర్పవలెను. రక్తపోటు, మధుమేహము లేకయే ఆతని తండ్రికిని, మేనత్తకును అట్లే జరిగియున్నచో అది వంశమున వచ్చు జబ్బు కావచ్చును. మెదడులోని సన్నని రక్తనాళములను చెరచు కాడాసిల్ అను అరుదైన వ్యాధి అట్టిది. దానికి మూలమగు నాచ్ 3 జన్యువును ఫ్రెంచి శాస్త్రజ్ఞులు 1996లో గుర్తించిరి. తల్లిదండ్రులలో ఒక్కరికున్నను ప్రతి బిడ్డకును వచ్చు అవకాశము సగము. కారాసిల్ అను మరియొకటి ఇరువైపుల లోపము కలిసినప్పుడు వచ్చును. మేనరికములలో అందుకు అవకాశము హెచ్చు. ఇందులో కోడలు కాలు పెట్టిన వేళ చేసిన దోషమేమి? మాన్పు మందు ఇంకను లేదు. పొగ మానుట, రక్తపోటును అదుపునందుంచుట మేలు. రోగిని కర్నూలు ప్రభుత్వ ఆసుపత్రికి పంపునపుడు మూడు తరములలో ఎవరికి, ఏ వయసున పక్షవాతము వచ్చెనో వ్రాసి పంపుడని సభ్యులను కోరుచున్నాము.