తప్పు జబ్బుది, అలాగని కోడలు భరించనక్కర్లేదు

డిమెన్షియా వచ్చిన పెద్దాయన నలుగురిలో లుంగీ విప్పేస్తారు. అన్నం పెట్టే కోడలి చెయ్యి పట్టుకుని వదలరు. ఇలాంటివి ఇంటివాళ్లు బయటికి చెప్పుకోలేరు. డాక్టరు దగ్గర కూడా ‘మతిమరుపు ఎక్కువైంది’ అని ఊరుకుంటారు.

ఎవరి ముందు ఎలా మసలుకోవాలో చూసుకునేది మెదడు ముందు భాగం. అది దెబ్బతింటే మనసులో మెదిలిందల్లా చేతల్లోకి వచ్చేస్తుంది. ఫ్రంటోటెంపొరల్ డిమెన్షియాలో మతిమరుపు కంటే ముందే ఈ మార్పు కనిపించవచ్చు. అల్జీమర్స్‌లోనూ రావచ్చు, ఆడవాళ్లలోనూ రావచ్చు.

అయితే కామంలా కనిపించిందల్లా కామం కాదు. బట్టలు విప్పేది ఉక్కపోసి కావచ్చు, మూత్రం వచ్చి కావచ్చు. చెయ్యి మాటిమాటికీ అక్కడికే పోతుంటే దురదో, మూత్రంలో ఇన్ఫెక్షనో ఉందేమో చూపించాలి. కోడల్ని చూసి వయసులో ఉన్నప్పటి భార్య అనుకోవచ్చు. పార్కిన్సన్స్‌కు వాడే ప్రమిపెక్సోల్, రోపినిరోల్ మందులు కొందరిలో కోరికల్ని అదుపు తప్పిస్తాయి. వాటిని సొంతంగా ఆపకుండా డాక్టరుకు చెప్పాలి.

అలా జరిగినప్పుడు అరిచినా, సిగ్గులేదా అన్నా ఆయన బెదురుతారే తప్ప నేర్చుకోరు. నవ్వేసినా అర్థం మారిపోతుంది. చెయ్యి మెల్లగా విడిపించుకుని, కాస్త దూరం జరిగి, ‘నేను మీ కోడల్ని మామయ్యా’ అని స్థిరంగా చెప్పాలి. వెంటనే చిక్కుడుకాయలు ఒలవడం లాంటి పనేదైనా చేతికివ్వాలి. స్నానం కొడుకో, మగ అటెండెంటో చేయిస్తే మేలు. ఎప్పుడు, ఎవరి దగ్గర, దానికి ముందు ఏం జరిగాక ఇలా చేస్తున్నారో రాసిపెడితే కారణం దొరికే వీలుంది. కొన్నిసార్లు ఆయన వెతుక్కునేది ఆప్యాయమైన స్పర్శ మాత్రమే; భార్య పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంటే కుదుటపడవచ్చు.

ఈ ప్రవర్తనకంటూ ఆమోదం పొందిన ప్రత్యేకమైన మందు లేదు. కొన్నిసార్లు వాడే యాంటీసైకోటిక్ మందులు డిమెన్షియా ఉన్న వృద్ధుల్లో మరణాల ముప్పు పెంచుతాయని అమెరికా ఎఫ్‌డీఏ 2005లోనే హెచ్చరించింది. అందుకే వాటి దాకా వెళ్లేది మిగతావన్నీ చూశాకే.

జబ్బు అని తెలిసినంత మాత్రాన ఎదుటివాళ్ల భయం పోదు. పిల్లల్ని ఆయన దగ్గర ఒంటరిగా వదలకూడదు. పనికి వచ్చే అమ్మాయికి సంగతి ముందే చెప్పాలి, వద్దంటే బలవంతపెట్టకూడదు. కోడలు ఇబ్బంది చెప్పిన రోజే స్నానం, బట్టల పని కొడుకు తీసుకోవాలి. సలహాకు వృద్ధుల హెల్ప్‌లైన్ 14567 ఉంది.