ఏ భాష తియ్యన?

తెలుగు తియ్యని భాష అంటారు. ఎందుకో ఎప్పుడైనా ఆలోచించారా?

మన మాటల చివర ఎక్కువగా అచ్చు వినిపిస్తుంది. అమ్మ, ఆవు, పాలు, వాకిలి. పైకి పలికి చూడండి. చివర నోరు మూతపడదు. మాట సాగుతుంది. అందుకే పాటకు బాగా కుదురుతుంది. పరాయి మాట వచ్చినా మనం ఊరుకోం, చివర ఉకారం తగిలిస్తాం. బస్ మనకు బస్సు అయింది. రోడ్ రోడ్డు అయింది.

తమిళ కవి సుబ్రహ్మణ్య భారతి (1882-1921) ఒక పాటలో తెలుగు అందమైనది అన్నాడు. ఇంకోచోట మాత్రం తనకు తెలిసిన భాషల్లో తమిళమంత తియ్యనిది లేదన్నాడు! కాకి పిల్ల కాకికి ముద్దు కదా.

మరి యాస సంగతేమిటి? "నీ యాస మొరటు" అని కొందరు వెక్కిరిస్తారు. దాంతో ఆడవాళ్లు గ్రామసభలో నోరు విప్పడానికి జంకుతారు. కుళాయి రావడం లేదని చెప్పాలి. మాట గొంతులోనే ఆగిపోతుంది.

ఈ చిన్నచూపు ఎక్కడిది? చాలా ఏళ్లు మన సినిమాల్లో హీరోయిన్‌కు కోస్తా జిల్లాల తెలుగు పెట్టేవారు. తెలంగాణ యాస ఎక్కువగా రౌడీకో, నవ్వించేవాడికో ఇచ్చేవారు. వినీ వినీ అది మొరటు అనుకున్నారు జనం.

2017లో 'ఫిదా' సినిమా వచ్చింది. అందులో హీరోయిన్ తెలంగాణ పిల్ల. ఆ యాసలోనే ప్రేమిస్తుంది, పోట్లాడుతుంది. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ జనం మెచ్చుకున్నారు. ఆ వేషం వేసిన సాయిపల్లవి తమిళనాడు అమ్మాయి. ఆ యాస నేర్చుకుని, సొంత గొంతుతోనే మాట్లాడింది.