గని గాలిని తూచే పరికరం: మీకు తెలుసా?

భూపాలపల్లి కాకతీయ ఖనుల లాంటి భూగర్భ గనుల్లో బొగ్గు తనంతట తానే వేడెక్కి రాజుకోగలదు. పొగ కనబడకముందే ఆ సంగతి గాలి చెబుతుంది. ఆక్సిజన్ ఎంత తగ్గింది, అందుకు ఎంత కార్బన్ మోనాక్సైడ్ పుట్టింది అన్న లెక్కను గ్రాహం నిష్పత్తి అంటారు. అది సుమారు 1 శాతం దాటితే అనుమానించాలి, 3కు చేరితే నిప్పు ఉన్నట్టే. ఈ అంకెలు తీసే పరికరాల్లో గ్యాస్ క్రొమటోగ్రాఫ్ ఒకటి. దానిలో గ్యాస్ ప్రవాహం గాడి తప్పితే అంకెలూ తప్పుతాయి. కింద ఉన్నవాళ్ల ప్రాణాలు ఆ అంకెల మీద ఉంటాయి.

మీకు తెలుసా? ఈ పరికరంలో నమూనాను కాలమ్ అనే గొట్టం గుండా మోసుకెళ్లే హీలియంకు మన నేలతో చుట్టరికం ఉంది. 1868 ఆగస్టు 18 నాటి సంపూర్ణ సూర్యగ్రహణాన్ని ఖగోళ శాస్త్రవేత్తలు జాన్సెన్ గుంటూరులో, పాగ్సన్ మచిలీపట్నంలో పరిశీలించారు. ఆ ఏడాది సూర్యకాంతిలో గుర్తించిన పసుపు గీతే హీలియం తొలి జాడ.

వంటింటి సిలిండర్‌కు సబ్బు నీళ్లు పూసి లీక్ చూస్తాం. క్రొమటోగ్రాఫ్‌కు ఆ పని చేయకూడదు. సబ్బు బిగింపుల్లోంచి లోపలికి చేరి, నమూనాలో లేని పీక్‌లు (గ్రాఫ్‌లో శిఖరాలు) పుట్టిస్తుంది. ఎలక్ట్రానిక్ లీక్ డిటెక్టర్ వాడాలి. అయితే అదే సబ్బు ప్రవాహం కొలవడానికి బయటి కొసన బాగా పనికొస్తుంది: డిటెక్టర్‌లో మంట ఉంటే ఆర్పి, అక్కడ తగిలించిన గాజు గొట్టంలో బుడగను పైకి ఎక్కనివ్వాలి. 10 మిల్లీలీటర్ల గీతలు దాటడానికి 20 సెకన్లు పడితే ప్రవాహం నిమిషానికి 30 మిల్లీలీటర్లు.

లోపల ఒత్తిడి ఎక్కువ కాబట్టి లీక్ ఉన్నా గాలి లోపలికి రాదనుకుంటారు. వస్తుంది! లోపల ఆక్సిజన్ దాదాపు లేదు కనుక, బయటి ఆక్సిజన్ గ్యాస్ ప్రవాహానికి ఎదురీది మరీ చొరబడుతుంది. వేడి కాలమ్‌ను కొంచెం కొంచెంగా తినేస్తుంది.

నూనె కాగితే పలచబడుతుంది, గ్యాస్ మాత్రం వేడెక్కితే చిక్కబడుతుంది. అందుకే ప్రెషర్ మార్చకుండా కాలమ్ ఉన్న ఓవెన్ వేడి పెంచితే ప్రవాహం తగ్గిపోతుంది. దాన్ని లీక్ అనుకుని బిగింపులన్నీ మళ్లీ బిగించడం తొందరపాటు.

మహబూబాబాద్ మిర్చి లాంటి పంటలో పురుగుమందుల అవశేషాలు వెతకడానికి ఇదే పరికరంలో తరచూ 30 మీటర్ల సన్న కాలమ్ వాడతారు. ప్రవాహ వేగం సరిచూడాలంటే అందులో కాస్త మీథేన్ ఎక్కించి చూడండి. అది ఎక్కడా ఆగదు. 100 సెకన్లలో బయటికొస్తే వేగం సెకనుకు 30 సెంటీమీటర్లు. తెర మీది అంకె ఏం చెప్పినా నిజం ఇదే.

ప్రెషర్ అనుకున్నంత ఎక్కకపోతే ముందు సిలిండర్‌లో గ్యాస్ ఉందో లేదో చూసి, తర్వాత లీక్ వెతకాలి. ఎక్కింది దిగకపోతే కాలమ్‌లోకి వెళ్లని మిగులు గ్యాస్ (స్ప్లిట్) బయటికెళ్లే దారి పూడుకుపోయిందేమో చూడాలి. పీక్‌లు చిన్నవై ఆలస్యంగా వస్తుంటే మొదట మార్చాల్సింది సూది పదేపదే గుచ్చిన ఆ చిన్న రబ్బరు బిళ్ల, సెప్టమ్.